బొమ్మ ఒకవైపు, మాట మరొకవైపు

కార్డుముక్క ఎరుగని పల్లె మన దేశంలో లేదు. 1879 జూలైలో కాలణా ధరకు మొదలైన పోస్టుకార్డు మన పెద్దల కాలంలో పెండ్లి కబురు, పంట కబురు, చావు కబురు మోసుకొని ఇంటింటికి తిరిగినది. చదువు రానివారు పోస్టుమానును అరుగు మీద కూర్చుండబెట్టి, మజ్జిగ ఇచ్చి, చదివించుకొనేవారు. అయితే మనకు బాగా అలవాటైన ఆ తపాలా కార్డుకు బొమ్మ ఉండేది కాదు. ఒకవైపు చిరునామా, రెండవవైపు మాట, అంతే.

ఈ నెల మేము చెప్పబోయే కార్డులకు ఒకవైపు రంగురంగుల బొమ్మ ఉన్నది. ఇవి అమెరికా ప్రజలు నూరేండ్ల క్రిందట తమ జాతీయ పండుగలకు ఒకరికొకరు పంపుకొన్న కార్డులు. జూలై 4 స్వాతంత్ర్య దినం, ఫిబ్రవరి 22 జార్జి వాషింగ్టన్ పుట్టినరోజు, ఫిబ్రవరి 12 అబ్రహాం లింకన్ పుట్టినరోజు, మే 30 యుద్ధంలో చనిపోయినవారి సమాధులను పూలతో అలంకరించే దినం. ఈ నాలుగింటికీ కార్డులు వేసేవారు. జెండాలు, డేగలు, గంటలు, టపాకాయలు, నక్షత్రాల టోపీ పెట్టుకొన్న తెల్లగడ్డపు 'అంకుల్ సామ్' తాత వాటిమీద కనబడతారు. ఆ బొమ్మలు చూపిన చరిత్ర ఎంతవరకు నిజం? అవి చూపని చరిత్ర ఏది? ఫిలడెల్ఫియా నగరంలో ఈ కార్డులు పట్టుకొని తిరిగినప్పుడు మాకు తెలిసిన సంగతులు కొన్ని మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాము.

ఒక్క సెంటు కబురు

అమెరికా ప్రభుత్వం 1873లో ఒక సెంటు ధరకు తపాలా కార్డు అమ్మడం మొదలుపెట్టినది. 1893లో చికాగో నగరంలో జరిగిన గొప్ప ప్రదర్శనలో బొమ్మల కార్డులు అమ్మారు. ప్రైవేటువారు అచ్చువేసిన కార్డులను కూడా ఒక్క సెంటుకే పంపవచ్చునని 1898లో చట్టం వచ్చినది. అయినను వెనుకవైపు చిరునామా తప్ప మరేమీ వ్రాయకూడదు. మాట వ్రాయదలచినవారు బొమ్మ అంచున, ఖాళీ చూసుకొని ఇరికించి వ్రాసేవారు. 1907 మార్చి 1 నుండి వెనుకవైపును రెండు భాగాలు చేసి, ఎడమవైపు కబురు, కుడివైపు చిరునామా వ్రాసుకొనే వీలు కల్పించారు.

ఈలోగా మరొక మేలు జరిగినది. అంతకుముందు పల్లెలలోని రైతులు ఉత్తరాల కొరకు బండి కట్టుకొని పట్టణానికి వెళ్ళవలసి వచ్చేది. 1896లో ప్రయోగంగా మొదలై, 1902లో స్థిరపడిన గ్రామీణ తపాలా పథకం వలన ఉత్తరాలు పొలం గట్టు దాకా నడచివచ్చాయి. ఇక చూడండి! 1908 జూన్‌తో ముగిసిన ఒక్క సంవత్సరంలో ఆ దేశపు తపాలాలో 67 కోట్లకు పైగా కార్డులు నడిచాయి. అప్పటి జనాభా తొమ్మిది కోట్లకు లోపే. పసిబిడ్డలతో సహా లెక్కించినా మనిషికి ఏడు కార్డులకు పైమాటే.

మరొక విచిత్రం ఉన్నది. వీటిలో చక్కనివి చాలామట్టుకు జర్మనీ దేశంలో అచ్చయినవి. రాళ్ళమీద ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు తీసే పనిలో అక్కడివారు అందెవేసిన చేతులు. వారికి ఆ పని ఇప్పించినవారిలో రాఫేల్ టక్ అనే లండను కంపెనీ ఒకటి. ఇంగ్లండు రాజు పాలన నుండి విడిపోయిన సంబరానికి కార్డు వేసినవాడు ఇంగ్లండువాడు, అచ్చుకొట్టినవాడు జర్మనీవాడు, కొనుక్కొని మురిసిపోయినవాడు అమెరికావాడు!

పాత సామాను అంగడిలో

మా అమ్మాయి కాపురం ఉండేది ఫిలడెల్ఫియాకు దగ్గరలోనే. ఈ నగరం పేరు మన తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యరుగారు పదునాలుగేండ్ల బాలుడుగా జర్మనీ నుండి వచ్చి దిగినది ఈ నగరంలోనే. 1873లో ఆయన కన్నుమూసినది కూడా ఇక్కడే. కనుక అక్కడి వీధులలో నడచినంతసేపు పరాయి ఊరిలో ఉన్నట్లు అనిపించలేదు.

అక్కడ పాత సామాను అమ్మే ఒక అంగడిలో చెప్పులపెట్టెల వంటి అట్టపెట్టెలలో ఈ కార్డులు వరుసగా పేర్చి ఉన్నాయి. ఈస్టరు, క్రిస్మసు, జూలై 4 అని పండుగ పండుగకు ఒక చీటీ. కొన్నింటికి బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్నది. వ్రేలితో తడిమితే డేగ రెక్క తెలుస్తుంది. మా మనుమరాలు మాకంటె ముందు బొమ్మలన్నీ చూసినది గాని, వెనుకవైపు తిప్పి ఆగిపోయినది. ఆమె బడిలో గొలుసుకట్టు వ్రాత నేర్పలేదట. మిషను బడిలో బెత్తం దెబ్బలు తిని గొలుసుకట్టు నేర్చుకొన్న మేము ఆ అమెరికా బిడ్డకు అమెరికా ఉత్తరాలు చదివి వినిపించాము.

ఏమున్నది వాటిలో? ముందువైపు జెండా, ఫిరంగి, వీరుడు. వెనుకవైపు మాత్రం, శనివారం రైలుకు వస్తున్నాము, అమ్మకు దగ్గు తగ్గలేదు, వాన పడి గడ్డి తడిసినది, నీవెందుకు జవాబు వ్రాయవు అని. దేశం తన గొప్పను బొమ్మవైపు చెప్పుకొన్నది. మనుషులు తమ బ్రతుకును వెనుకవైపు వ్రాసుకొన్నారు. నాలుగైదు కార్డులు కొనుక్కొని, ఆ బొమ్మలలోని స్థలాలను చూడబోయాము.

గంట కొట్టిన ముసలివాడు

మొదటి కార్డు జూలై 4ది. తెల్లజుట్టు ముసలివాడు గోపురంలో గంట త్రాడు పట్టుకొని నిలబడి ఉంటాడు. క్రింద నుండి ఒక బాలుడు, కొట్టు తాతా అన్నట్లు చేయి ఊపుతాడు. స్వాతంత్ర్య ప్రకటన ఆమోదింపబడిన క్షణాన గంట మ్రోగినదని భావం.

ఆ గోపురం చెస్ట్‌నట్ వీధిలో ఇప్పటికీ ఉన్నది. ఎర్ర ఇటుకల భవనం. ఇప్పుడు దానిని ఇండిపెండెన్స్ హాలు అంటారు. అక్కడ జరిగినది ఇది. 1776 జూలై 2న విడిపోవాలని ప్రతినిధులు తీర్మానించారు. జూలై 4న ప్రకటన పాఠాన్ని ఆమోదించారు. ఆ రాత్రి జాన్ డన్‌లాప్ అనే ముద్రాపకుడు దానిని అచ్చువేశాడు. జూలై 8న ఆ భవనపు పెరటిలో ప్రజల ఎదుట మొదటిసారి చదివారు. ఎక్కువమంది సంతకాలు చేసినది ఆగస్టు 2న. జూలై 4న ప్రజలకు ప్రకటించినదే లేదు గనుక ఆనాడు గంట కొట్టిన ముసలివాడూ లేడు, చేయి ఊపిన బాలుడూ లేడు. జార్జి లిప్పార్డ్ అనే రచయిత 1847లో ఒక పత్రికలో వ్రాసిన కథ అది. కథ బొమ్మ అయినది, బొమ్మ కార్డు అయినది, కార్డు చరిత్ర అయి కూర్చున్నది.

అయితే ఆ గంట అసలు కథ కల్పితకథకంటె గొప్పది. 1751లో లండనులోని వైట్‌చాపెల్ కార్ఖానాకు ఆర్డరిచ్చారు. 1752లో వచ్చి, మ్రోగించి చూడగానే పగిలినది. ఊరిలోని పాస్, స్టో అనే ఇద్దరు పనివారు దానిని కరిగించి రెండుసార్లు తిరిగి పోతపోశారు. బరువు 900 కిలోలకు పైబడి ఉంటుంది. ఇప్పుడున్న పెద్ద పగులు 1846లో వాషింగ్టన్ పుట్టినరోజుకు మ్రోగించినప్పుడు సాగి, గంట మూగబోయినది. దాని చుట్టూ చెక్కిన మాట మన బైబిలు లోనిదే. లేవీయకాండము 25వ అధ్యాయము 10వ వచనము, సునాద సంవత్సరమున దేశ నివాసులందరికి విడుదల చాటించవలెనన్న ఆజ్ఞ.

ఆ వచనాన్ని శ్రద్ధగా చదివినవారు 1830ల నాటి బానిసత్వ వ్యతిరేకులు. అందరికి అని వ్రాసిపెట్టి, నల్లజాతివారిని సంకెళ్ళలో ఉంచడమేమిటని వారు అడిగారు. 'లిబర్టీ బెల్', అంటే విడుదల గంట అనే పేరు వ్యాప్తిలోకి తెచ్చినది వారే. అంతవరకు అది శాసనసభ గంట మాత్రమే. తరువాత 1885 నుండి 1915 వరకు ఏడుసార్లు గంటను రైలెక్కించి ఊరూరా త్రిప్పారు. రైలు బండి మీద గంట నిలిచిన కార్డులు కూడా అచ్చయ్యాయి. పగిలిన గంటను చూడడానికి జనం స్టేషనులకు తరలివచ్చారు.

చెర్రీ చెట్టు, చేతిగొడ్డలి

రెండవ కార్డు వాషింగ్టన్ పుట్టినరోజుది. ఎర్రని చెర్రీ పండ్ల గుత్తి, ప్రక్కన చిన్న చేతిగొడ్డలి. కథ మనవారికీ తెలిసినదే. తండ్రి చెట్టును నరికిన బాలుడు, దండన వస్తుందని తెలిసి కూడా అబద్ధమాడక ఒప్పుకొన్నాడని. మన నీతికథల పుస్తకాలలో కూడా ఇది ఎక్కినది.

ఈ కథకు సాక్ష్యం లేదు. 1799 డిసెంబరులో వాషింగ్టన్ చనిపోయిన తరువాత మేసన్ వీమ్స్ అనే పాదిరిగారు, ఆయన పుస్తకాల వ్యాపారి కూడా, ఒక జీవితచరిత్ర వ్రాశారు. 1806 నాటి కూర్పులో ఈ చెట్టు కథ చేర్చారు. పిల్లలకు సత్యము నేర్పవలెనని ఆయన ఉద్దేశం కావచ్చు. సత్యము పలుకుమని నేర్పడానికి లేని కథను చెప్పడం ఎంత విడ్డూరమో ఆలోచించండి.

ఇక ఉన్న కథ ఎక్కడ ఉన్నది? గంటను ఉంచిన భవనం గుమ్మం ముందే ఉన్నది. 1790 నుండి 1797 వరకు వాషింగ్టన్ దేశాధ్యక్షుడుగా కాపురమున్న ఇల్లు ఆ స్థలంలోనే ఉండేది. 1832లో దానిని పడగొట్టారు. ఆ ఇంటిలో ఆయన తొమ్మండుగురు బానిసలను ఉంచుకొన్నాడు. ఆ రాష్ట్రపు 1780 నాటి చట్టం ప్రకారం, బయటివారు తెచ్చుకొన్న బానిస ఆరు నెలలు అక్కడ నివసిస్తే విడుదల కోరవచ్చును. అందుచేత ఆరు నెలలు నిండకముందే వారిని సరిహద్దు దాటించి తిరిగి తెచ్చేవారు.

వారిలో ఓనా జడ్జ్ అనే యువతి 1796 మే నెలలో, యజమానులు భోజనం చేస్తున్న వేళ, ఇల్లు విడిచి ఓడ ఎక్కి న్యూహాంప్‌షైర్ చేరినది. పట్టి తెప్పించడానికి పత్రికలో ప్రకటన వేశారు, మనుషులను పంపారు. ఆమె తిరిగి రాలేదు. ముసలితనంలో పత్రికలవారు వచ్చి అడిగినప్పుడు, పేదరికం అనుభవించినా చింతలేదనీ, విడుదల పొందాకనే చదువు నేర్చుకొని దేవుని తెలుసుకొన్నాననీ చెప్పినది. 1848లో చనిపోయినది. చట్టం ప్రకారం అప్పటికీ ఆమె బానిసే.

వాషింగ్టన్‌ను గూర్చి ఇంకొక మాట కూడా చెప్పాలి. తన సొంత బానిసలకు విడుదల కలగాలని ఆయన మరణశాసనంలో వ్రాశాడు. ఇదీ నిజమే, అదీ నిజమే. ఆ ఇంటి స్థలంలో 2010లో తొమ్మండుగురి జ్ఞాపకార్థం ఒక కట్టడం ఏర్పడినది. గంట చూడబోయేవారు ఆ స్థలం మీదుగానే నడుస్తారు. మేము కొన్న చెర్రీ పండ్ల కార్డును అక్కడ చేతిలో పట్టుకొని కాసేపు నిలబడ్డాము. ఓనా జడ్జ్ బొమ్మతో కార్డు ఆనాటి పెట్టెలలో మాకు ఒక్కటీ దొరకలేదు. నల్లజాతి పిల్లల బొమ్మలున్న కార్డులు కొన్ని ఉన్నాయి గాని, అవి వారిని వెక్కిరిస్తూ గీసినవి. మా మనుమరాలు వాటిని చూసి, ఎందుకిలా గీశారు తాతా అని అడిగినది. నవ్వుకోవడానికి గీశారు, ఆ నవ్వు తప్పు అని చెప్పాము.

టపాకాయల పండుగ

మరికొన్ని కార్డులలో మనిషంత టపాకాయ ప్రక్కన నిక్కరు వేసుకొన్న బుడతడు నిలబడి ఉంటాడు. కొందరికి తలకు కట్టు, చేతికి కట్టు. చూడగానే నవ్వు వస్తుంది. మన దీపావళి గుర్తుకు వస్తుంది. కాని అమెరికా వైద్యుల సంఘపు పత్రిక 1903 జూలై 4 సంబరాల లెక్క తీసినది. ఆ ఒక్క పండుగకు 466 మంది చనిపోయారు, 3,983 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో 406 మందిని తీసుకొనిపోయినది ధనుర్వాతం. ఆటతుపాకుల మందు చేతిలో పేలి, ఆ చిన్న గాయం ద్వారా రోగం లోపలికి పోయేది. వారిలో పిల్లలే హెచ్చు.

అప్పుడు వైద్యులు, పత్రికలవారు, తల్లులు కలసి క్షేమంగా, వివేకంగా పండుగ చేసుకొందామని ఉద్యమం నడిపారు. నగరాలు ఒక్కొక్కటిగా చట్టాలు చేశాయి. ఊరేగింపులు, పాటలు, ఆటలు పెట్టారు. పదేండ్లలో చావులు బాగా తగ్గాయి. లెక్క వ్రాసి ముందుపెడితేనే కండ్లు తెరుచుకొన్నాయి. బొమ్మ నవ్వించినది, లెక్క కాపాడినది.

సమాధులపై పూలు

అన్నింటికంటె మా మనస్సు నిలిచిన కార్డులు మే 30వి. నీలికోటు తొడుగుకొన్న ముసలి సైనికుడు చిన్నపిల్ల చేయి పట్టుకొని సమాధుల తోటలోనికి నడుస్తూ ఉంటాడు. పిల్ల చేతిలో పూలు. ఇటువంటి పిల్లల బొమ్మలు గీయడంలో ఎలెన్ క్లాప్‌శాడిల్ అనే చిత్రకారిణి పేరుపొందినది.

1861 నుండి 1865 వరకు బానిసత్వం విషయమై ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. 1868లో జాన్ లోగన్ అనే సేనాని, మాజీ సైనికుల సంఘం పక్షాన, మే 30న సమాధులను పూలతో అలంకరించవలెనని ఉత్తరువిచ్చాడు. కార్డులు చెప్పేది ఈ ఆరంభమే. తరువాత ఇది అన్ని యుద్ధాల మృతులను స్మరించే దినమైనది. 1971 నుండి మే చివరి సోమవారం జరుపుతున్నారు.

అంతకు మూడేండ్ల ముందు జరిగిన సంగతి ఒకటి చాలాకాలం మరుగునపడినది. దక్షిణాన చార్లెస్టన్ ఊరిలో గుర్రపు పందెాల మైదానాన్ని దక్షిణ సైన్యంవారు చెరసాలగా వాడారు. అక్కడ చనిపోయిన ఉత్తర సైనికులను గుంటలలో పూడ్చారు. ఊరు విడుదల పొందగానే, నిన్నటివరకు బానిసలైన నల్లజాతివారు ఆ శవాలను తీసి, ఒక్కొక్కరికి వేరువేరుగా సమాధి చేసి, చుట్టూ కంచె వేశారు. 1865 మే 1న వేలమంది చేరారు. బడిపిల్లలు పూలు పట్టుకొని పాడుతూ ముందు నడిచారు. బోధకులు వాక్యం చదివారు. తమకు పేరైనా తెలియని బిడ్డల సమాధులను వారు పూలతో నింపారు.

మన పల్లెలలో ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోట శుభ్రం చేసి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించడం ఎరిగిన మనకు ఆ దృశ్యం కండ్లకు కట్టినట్లు ఉంటుంది. యుద్ధంలో ఉత్తర సైన్యం పక్షాన సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. అయినను మేము తిరగవేసిన మే 30 కార్డులలో ఆ సైనికుడు లేడు, చార్లెస్టన్ పిల్లలు లేరు. నీలికోటు ముసలివాడు, బూడిదరంగు కోటు ముసలివాడు చేతులు కలుపుకొంటున్న బొమ్మలు మాత్రం ఉన్నాయి. పగ మరచి చేతులు కలపడం మంచిదే. కాని ఎవరి విడుదల కొరకు అంత రక్తం కారినదో వారిని బొమ్మలో నుండి తప్పించి చేతులు కలుపుకొన్నారు.

కార్డులు ఆగిపోయిన విధము

1909లో అమెరికా విదేశీ కార్డులపై సుంకం పెంచినది. 1914లో యుద్ధం రాగా జర్మనీ నుండి సరుకు రావడం నిలిచిపోయినది. టెలిఫోను ఇంటింటికి వచ్చినది. పండుగ కార్డుల గిరాకీ తగ్గిపోయినది. వేలాది ఇండ్లలో పండుగ వెలుగు నింపిన క్లాప్‌శాడిల్ 1934లో పేదరికంలో కన్నుమూసినది.

మన ఇంటి పెట్టెలో

ప్రియ పాఠకులారా, మన ఇండ్లలోనూ ట్రంకుపెట్టెల అడుగున పాత కార్డులు, ఫోటోలు ఉన్నాయి. ఇంటి గొప్ప చెప్పేవి గోడకెక్కుతాయి. కష్టం చెప్పేవి పెట్టె అడుగున ఉంటాయి. పాలేరుగా బ్రతికిన తాతను, సంతకం చేయలేక వ్రేలిముద్ర వేసిన అవ్వను గూర్చి పిల్లలకు చెప్పడానికి మొగమాటపడతాము. దేశాన్ని ప్రేమించేవారు దేశపు తప్పు చెప్పుకోవడానికి వెనుకాడినట్లే ఇదీను. కాని లేని చెర్రీ చెట్టుకంటె, ఉన్న ఓనా జడ్జ్ కథ పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది. మా మనుమరాలే సాక్షి. ఇంటికి వచ్చాక ఆమె మళ్ళీ మళ్ళీ అడిగినది ఆ అమ్మాయి కథే.

ఈ వేసవి సెలవులలో ఒక పని చేయండి. పెట్టె దింపి, ఫోటోలు తీసి, ప్రతి ఫోటో వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. ఇంటిలో పెద్దవారు ఉండగానే అడిగి వ్రాయండి. బొమ్మలో లేనివారి పేర్లు కూడా వ్రాయండి. పొయ్యి దగ్గర ఉండిపోయి ఫోటోలోకి రానివారు ప్రతి ఇంటిలో ఒకరైనా ఉంటారు.